పగడం పుట్టిన చీకటి

సూరత్ నగరంలోని వడోద్‌లో, రెండు గదుల ఇంటిలో, ఒక ఇల్లాలు తెల్లవారుజామునే తలస్నానం చేసి తూర్పుముఖంగా కూర్చుని పుస్తెలతాడు మార్చుకుంటున్నది. మెడ బోసిగా ఉండరాదు గనుక ముందుగా పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకొని, ఆ తర్వాతనే పాత తాడు తీసి ఒడిలో పెట్టుకున్నది. భర్త మరమగ్గాల కార్ఖానాలో రాత్రిపాళీ ముగించుకొని ఇంకా రాలేదు. కరీంనగర్ ప్రాంతం నుంచి మగ్గాన్ని నమ్ముకొని సూరత్ చేరిన వేలాది తెలుగు కుటుంబాలలో వారిది ఒకటి.

పాత తాడు ముడి విప్పుతుండగా పీచు విడిపోయి పూసలు జారాయి. నల్లపూసలు ఒడిలోనే నిలిచాయి. పగడం ఒకటి మాత్రం గచ్చు మీద దొర్లుకుంటూ బియ్యం డబ్బా కిందికి పోయింది.

"తెగిందా అమ్మా?" అన్నది పన్నెండేళ్ళ కూతురు.

"తెగింది అనొద్దు బిడ్డా. పెరిగింది అనాలె," అని తల్లి మందలించింది.

అమ్మాయి బోర్లా పడుకొని, చీపురుపుల్లతో పూసను బయటికి లాగి, అరచేతిలో పెట్టుకొని చూసింది. కందిగింజ కంటే కొద్దిగా పెద్దది. కాలం చేత నునుపు తేలింది. ఒక పక్క చిన్న గాటు.

"ఇది ఏడ పుడతది అమ్మా?"

"సముద్రంల పుడతదట."

"మన సూరత్ సముద్రంలనా?"

తల్లికి తెలియదు. ఆ పగడం ఆమెకు తన తల్లి ఇచ్చింది. ఆ తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. అంతకు వెనుక సంగతి చెప్పేవారు ఇప్పుడెవరూ లేరు.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఉన్నది. కానీ అది సూరత్‌కు వేల మైళ్ళ దూరాన, పగటి వెలుతురు చొరని ఒక చోట దొరుకుతుంది.

సూరత్ సముద్రంలో ఆ పగడం పుట్టదు. తపతీ నది తెచ్చే ఒండ్రుతో అక్కడి నీరు ఎప్పుడూ బురదవన్నెగానే ఉంటుంది. డుమస్ తీరాన ఇసుక సైతం నల్లనిది. పైన ఉన్న ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల మధ్య తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. రోజుకు రెండుమార్లు అంతటి నీరు అడుగును కలచివేస్తుంటే, అక్కడ మునిగిన మనిషికి తన చేయి తనకు కనిపించదు. ఇంకా వాయవ్యాన కచ్ సింధుశాఖలో పగడపు దిబ్బలు ఉన్నమాట నిజమే. అవి వేరు జాతివి. నగలలో పొదిగే ఎర్రని పగడం వాటి నుంచి రాదు.

అది మధ్యధరా సముద్రపు సరుకు. మన దేశానికి అది రావడం నిన్నమొన్నటి ముచ్చట కూడా కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే రేవుల వివరణ గ్రంథంలో, సూరత్‌కు ఉత్తరాన ఉన్న భరుకచ్ఛం, అంటే నేటి భరూచ్ రేవులో దిగే సరుకుల జాబితా ఉన్నది. సారాయి, రాగి, తగరం, సీసాలతోపాటు పగడం పేరు అందులో కనిపిస్తుంది. రోమనులు ముత్యాలకు ఎంత విలువ ఇస్తారో భారతీయులు పగడాలకు అంత విలువ ఇస్తారని ఆ శతాబ్దంలోనే ప్లినీ రాశాడు. ఆ తర్వాత 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సూరత్ కోఠీలో అమ్మిన సరుకులలో పగడం ఒకటి. అదే కాలంలో, ఆ తర్వాత కూడా, లండన్ వర్తకులు మద్రాసుకు పగడాలు పంపి, బదులుగా గోలకొండ వజ్రాలు తెప్పించుకునేవారు. తెలుగునేల గర్భం నుంచి వజ్రం వెళ్ళింది. మధ్యధరా గుహల చీకటి నుంచి పగడం వచ్చింది. వజ్రం రాజుల కిరీటాలకు చేరింది. పగడం మాత్రం సామాన్యుల ఇళ్ళలో పుస్తెల పక్కన నిలిచిపోయింది.

ఆ చీకటిని చూడాలంటే ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరానికి పోవాలి.

మార్సెయ్ రేవుపట్టణానికి తూర్పున సున్నపురాతి కొండలు నిలువునా సముద్రంలోకి దిగుతాయి. తెల్లని ఆ కొండల మధ్య సముద్రం సన్నని పాయలుగా చొచ్చుకొని వస్తుంది. ఈ పాయలను అక్కడివారు 'కలాంక్' అంటారు. మన బొర్రా గుహలను, కర్నూలు సీమలోని బెలుం గుహలను తొలిచినట్టే, ఇక్కడి సున్నపురాతిని కూడా వాననీరు లక్షల ఏళ్ళపాటు తొలిచింది. భేదమల్లా ఒక్కటే. బెలుంలోకి మనం మెట్లు దిగి నడిచిపోతాము. ఇక్కడి గుహలనేకం నీటి అడుగున ఉన్నాయి.

పడవ మీద నుంచి వెనక్కు వాలి నీటిలో పడిన డైవరుకు మొదట కనిపించేది నీలిమ. ముఖానికి అద్దపు తొడుగు, వీపున గాలి నింపిన సిలిండరు, నోట రెగ్యులేటరు, కాళ్ళకు రబ్బరు రెక్కలు. పది మీటర్లు దిగేసరికి అతని మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ముప్ఫై మీటర్ల వద్ద నాలుగింతలు. పీల్చే గాలి కూడా ఆ లెక్కన చిక్కబడుతుంది గనుక, ఒడ్డున గంటసేపు సరిపోయే గాలి అక్కడ పావుగంటలో ఖర్చవుతుంది. దిగేకొద్దీ రంగులు కూడా ఒకటొకటిగా సెలవు తీసుకుంటాయి. అన్నిటికంటే ముందు పోయేది ఎరుపు. పదీ పదిహేను మీటర్ల కింద వేలు తెగితే కారే రక్తం సైతం ఎర్రగా కనబడదు.

కొండ గోడ వెంట దిగుతూ పోతే ఒకచోట రాతిలో నల్లని నోరు తెరుచుకొని ఉంటుంది. డైవరు ఆ నోటి అంచున కాసేపు ఆగుతాడు. సిలిండరులో గాలి ఎంత ఉన్నదో చూసుకుంటాడు. నడుముకు వేలాడే కండె నుంచి సన్నని నైలాను తాడు లాగి, వెలుపలి రాతికి గట్టిగా ముడివేస్తాడు. మరొక ముడి లోపలి రాతికి. ఆ తాడు విప్పుకుంటూ మెల్లగా ముందుకు సాగుతాడు.

పది బారలు పోయి వెనుదిరిగి చూస్తే వచ్చిన ద్వారం నీలపు కిటికీలా కనబడుతుంది. ఆ వెలుగు కనబడినంత దూరం ఒక లోకం. కనబడకుండా పోయిన మలుపు నుంచి మరొక లోకం. మొదటిదానిలో ఏ కీడు జరిగినా డైవరు ఆ వెలుగును పట్టుకొని బయటపడవచ్చు. రెండవదానిలో అతనికి తాడు తప్ప దిక్కు లేదు. ఈ రెండింటినీ వేరువేరుగా చూడాలని, మొదటిదానికి కావలసిన శిక్షణ రెండవదానికి చాలదని ఈ విద్య నేర్పేవారు పదేపదే చెబుతారు.

డైవరు చేతి దీపం వెలిగించి పైకప్పు మీదికి తిప్పుతాడు. అప్పటిదాకా నల్లని తుప్పలా కనిపించినదంతా ఒక్కసారిగా కుంకుమ చల్లినట్టు భగ్గుమంటుంది. కప్పు పొడవునా తలకిందులుగా వేలాడుతున్న కొమ్మలు. జానెడు కంటే పొడవైనవి అరుదు. ప్రతి కొమ్మ నిండా నువ్వుపువ్వులంత తెల్లని పువ్వులు. నీటి కదలిక తగలగానే ఆ పువ్వులు చటుక్కున ముడుచుకుపోతాయి.

పగడం అదే.

దీపం పడేదాకా ఆ ఎరుపు ఎవరి కంటా పడదు. ఆ గుహలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే నశించే పగడపు కొమ్మ తన జన్మలో ఎన్నడూ ఎర్రగా కనిపించి ఉండదు. దానికి చూపు లేదు. చుట్టూ ఉన్న చేపలకు ఆ రంగు చూపే వెలుతురు లేదు.

ఆ తెల్లని పువ్వులు చాలాకాలం పండితులను మోసగించాయి. పగడం నీటిలో మెత్తని మొక్క అనీ, గాలి తగలగానే రాయి అవుతుందనీ ప్రాచీన గ్రీకులు నమ్మారు. 1706 ప్రాంతంలో ఇటలీకి చెందిన మార్సిల్యీ ప్రభువు, మార్సెయ్ పక్కనే ఉన్న కాసీ రేవులో, అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రపు నీటి పాత్రలో ఉంచాడు. కొంతసేపటికి కొమ్మ మీద తెల్లని పూలు విచ్చుకున్నాయి. మొక్కే అనడానికి ఇంతకంటే సాక్ష్యమేమి కావాలని అందరూ తృప్తిపడ్డారు.

ఆ తృప్తిని చెడగొట్టినవాడు మార్సెయ్ నగరపు వైద్యుడు పేసొనెల్. 1720ల దశకంలో అతడు సజీవమైన పగడాన్ని ఓపికగా పరిశీలించి, అవి పూలు కావు, ప్రాణులు అన్నాడు. తాకితే ముడుచుకుంటున్నాయి, నీరు నిలకడగా ఉంటే చేతులు చాపి ఆహారం పట్టుకుంటున్నాయి అని చూపాడు. పారిస్ విజ్ఞాన అకాడమీలోని పెద్దలకు ఈ మాట ఎంత అసంబద్ధంగా తోచిందంటే, అతని పరువు కాపాడడం కోసం అతని పేరు చెప్పకుండా ఆ వాదాన్ని ప్రస్తావించి తోసిపుచ్చారు. దాదాపు పదిహేనేళ్ళ తర్వాత ఆ అకాడమీ వారే ఆయన చెప్పింది నిజమని ఒప్పుకోవలసి వచ్చింది.

నిజమేమంటే, ఒక్కొక్క పువ్వూ ఎనిమిది చేతులు గల ఒక చిన్న జీవి. వేలాది జీవులు ఒకే చర్మాన్ని పంచుకొని, తమందరికీ ఉమ్మడిగా ఒక ఎర్రని రాతి ఎముకను కట్టుకుంటాయి. ఆ ఎముకనే మనం పూసగా చెక్కుతున్నాము. ఎండ కోరే పగడపు దిబ్బల జీవులు తమ ఒంటిలో సూక్ష్మమైన నాచును పెంచుకొని దాని సంపాదనలో పాలు పంచుకుంటాయి. ఎర్ర పగడానికి ఆ ఆధారం లేదు. నీటిలో కొట్టుకొచ్చిన అణువంత ఆహారమే దాని బతుకు. అందుకే అది నీడను వెతుక్కుంటుంది. వెలుతురు ఉన్నచోట నాచు దట్టంగా పెరిగి దానిని ఊపిరాడనివ్వదు. చీకటిలో ఆ పోటీ లేదు.

అర్ధాకలితో బతికే జీవి గనుక దాని ఎదుగుదల కూడా నెమ్మదిగా సాగుతుంది. ఏడాదికి కాండం లావు పెరిగేది మిల్లీమీటరులో నాలుగోవంతు, మహా అయితే మూడోవంతు. వడోద్‌లో బియ్యం డబ్బా కిందికి దొర్లిన పూసంత లావు కావడానికి ఆ కొమ్మకు పన్నెండేళ్ళకు తక్కువ పట్టి ఉండదు. అంటే ఆ పూసను వెతికి తీసిన అమ్మాయి వయసంత కాలం.

ఆ చీకటిలో పగడం ఒంటరిది కాదు. గోడల మీద పసుపు, నారింజ, ఊదా రంగుల స్పంజికలు పిండి పూసినట్టు పరుచుకొని ఉంటాయి. రాతి నెర్రెలలో నుంచి ఎర్రని చిన్న చేపలు, కార్డినల్ చేపలంటారు వాటిని, పెద్ద కళ్ళతో తొంగి చూస్తాయి. ఈ జాతిలో గుడ్లు పొదిగే బాధ్యత మగచేపది. తల్లి పెట్టిన గుడ్లను తండ్రి నోట కరుచుకొని, అవి పిల్లలయ్యేదాకా మేత ముట్టకుండా కాపాడుతుంది.

ఇంకా లోపలికి పోతే దీపపు వెలుగులో సన్నని పొగమంచు కదులుతున్నట్టు ఉంటుంది. అది మంచు కాదు, గోటి పొడవైనా లేని రొయ్యల వంటి జీవుల గుంపు. ఒక్కొక్క గుహలో లక్షల సంఖ్యలో ఉంటాయి. పగలంతా గుహలో దాగి, పొద్దు గుంకగానే బారులు తీరి వెలుపలికి పోయి, మేసి, తెల్లవారేలోగా తిరిగి వస్తాయి. అవి వెలుపల తిన్నది లోపల విసర్జిస్తాయి. సూర్యరశ్మి లేని ఆ గుహలోని స్పంజికలకూ పురుగులకూ అందే ఆహారంలో ఇది ముఖ్యమైన పాలు. పగలు పట్టణంలో కూలి చేసి సాయంత్రం ఇంటికి బియ్యం తెచ్చేవారి వంటివి ఆ రొయ్యలు.

మార్సెయ్‌కు తూర్పున లా సియోటా పట్టణం దగ్గరి ఒక గుహ మరీ విచిత్రమైనది. దాని నేల లోపలికి పోయేకొద్దీ పల్లమవుతుంది. శీతకాలంలో లోపల చేరిన చల్లని బరువైన నీరు వేసవిలో కూడా బయటికి పోలేదు. ఫలితంగా వేల మీటర్ల లోతున మాత్రమే ఉండవలసిన వాతావరణం ఒడ్డుకు కూతవేటు దూరంలో ఏర్పడింది. అగాధ జలాలకు చెందిన ఒక స్పంజిక జాతి అక్కడ కాపురమున్నది. స్పంజికలు నీటిని వడగట్టి సూక్ష్మకణాలను తింటాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇది మాత్రం సన్నని పోగుల మీద కొక్కేలు అమర్చుకొని, తగిలిన చిన్న ప్రాణిని పట్టుకొని, మెల్లగా తనలో కలుపుకొని జీర్ణించుకుంటుంది. మాంసం తినే ఈ స్పంజికను గురించి వాసెలే, బూరీ-ఎస్నో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించినప్పుడు జీవశాస్త్ర లోకం ఆశ్చర్యపోయింది. మనిషి చంద్రుని మీద నడిచి పాతికేళ్ళు దాటిన తర్వాత, ఒక పట్టణపు వాకిట్లో దొరికిన వింత ఇది.

ఇటువంటి చోట్లకు మనిషి స్వేచ్ఛగా పోగలగడం ఒక్క జీవితకాలపు ముచ్చట. 1943లో ఫ్రెంచి నౌకాదళ అధికారి కుస్తో, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి నీటిలో గాలి పీల్చే పరికరాన్ని తయారుచేశారు. ఆ వేసవిలో ఇదే తీరంలోని బాండోల్ వద్ద కుస్తో దానిని సముద్రంలో పరీక్షించాడు. కొత్త పరికరంతో అక్కడి తొలి మునకలోనే అతడు ఒక గుహలోకి దూరాడు. పైకప్పు నిండా పెద్దరొయ్యలు వేలాడుతున్నాయి. యుద్ధకాలపు తిండికరువులో ఉన్న మిత్రుల కోసం కొన్నిటిని పట్టుకొని పైకి చేర్చాడు.

గుహ ఆనాడు అతనిని క్షేమంగా పంపింది. అందరినీ అలా పంపలేదు. గుహలో ప్రాణం తీసేది సొరచేపలు కావు. నేల మీద మెత్తగా పేరుకొన్న ఒండ్రు. రబ్బరు రెక్క ఒక్కటి అజాగ్రత్తగా తగిలితే చాలు, అది లేచి నీటిని పాలలా చేస్తుంది. దీపం ఎంత పెద్దదైనా అప్పుడు ప్రయోజనం లేదు. ఎటు చూసినా తెలుపే. బహిరంగ సముద్రంలో ఆపద వస్తే పైకి పోవచ్చు. గుహలో పైన ఉన్నది రాయి.

అమెరికాలో షెక్ ఎక్స్‌లీ అనే గణితోపాధ్యాయుడు గుహలలో జరిగిన మరణాలను ఒకటొకటిగా పరిశీలించి, 1979లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. అతనికి తోచిన ప్రధాన సూత్రాలు ఎంతో సామాన్యమైనవి. బయటి వెలుగు నుంచి తెగని తాడు వెంట ఉండాలి. గాలిలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు ఆపదకు. మితిమీరిన లోతుకు పోరాదు. చనిపోయినవారిలో అత్యధికులు వీటిలో ఏదో ఒకటి మీరినవారే. నిపుణులు సైతం అందుకు మినహాయింపు కారు.

కాసీ రేవులో డైవింగ్ వృత్తిగా పెట్టుకున్న ఆంరీ కోస్కే 1985లో మోర్జియూ అగ్రం దగ్గర, 37 మీటర్ల లోతున, ఒక ఇరుకైన రంధ్రాన్ని గమనించాడు. లోపల సొరంగం ఏటవాలుగా పైకి పోతున్నది. వంద మీటర్లు మించిన ఆ సొరంగాన్ని దాటితే, నీటి మట్టానికి పైన గాలి ఉన్న విశాలమైన గుహ. బెలుంలో మాదిరిగానే సున్నపు ఊడలు వేలాడుతున్నాయి. అవి నీటిలో పుట్టవు, చుక్కచుక్కగా గాలిలో కారి గడ్డకట్టవలసినవి. అంటే ఆ గుహ ఒకనాడు పొడినేల మీద ఉండేది.

1991 జూలైలో అతని బృందపు దీపపు కాంతి గోడ మీద ఒకచోట ఆగింది. అక్కడ ఒక మనిషి చేయి ఉన్నది. రాతికి అరచేయి ఆనించి, చుట్టూ రంగు చిమ్మి తీసిన ముద్ర.

ఆ సెప్టెంబరు 1న మరొక బృందానికి చెందిన ముగ్గురు డైవర్లు అదే సొరంగంలోకి పోయి, దారి తప్పి, తిరిగి రాలేదు. రెండు రోజుల తర్వాత కోస్కే తన గుహ సంగతి అధికారులకు తెలియజేశాడు. ఆ వెనుక ద్వారాన్ని మూసివేశారు.

కొందరు పండితులు అవి బూటకపు చిత్రాలని అనుమానించారు. బొగ్గు రేఖల వయసు పరీక్షించగా సందేహం తీరింది. చేతిముద్రలు సుమారు 27 వేల ఏళ్ళనాటివి, జంతువుల బొమ్మలు అనేకం 19 వేల ఏళ్ళనాటివి అని తేలింది. గుర్రాలు, అడవి దున్నలు, కొండమేకలతోపాటు సముద్రపు జీవులు కూడా ఆ గోడల మీద ఉన్నాయి. సీల్‌లు ఉన్నాయి. పెంగ్విన్‌ను పోలిన 'ఆక్' పక్షులు మూడు ఉన్నాయి. ఎగరలేని ఆ పక్షిజాతిని మనిషి ఈకల కోసం, మాంసం కోసం వేటాడి తుడిచిపెట్టాడు. చివరి జంటను 1844లో ఐస్‌లాండ్ దగ్గర చంపారు. ఇప్పుడు అది ఆ గోడ మీదనే మిగిలింది.

బొమ్మలు గీసిన కాలంలో సముద్రమట్టం నేటికంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉండేది. తీరం కొన్ని కిలోమీటర్ల దూరాన ఉండేది. ఆ మనుషులు కాగడా పట్టుకొని నడిచే గుహలోకి వచ్చారు. తర్వాత మంచు కరిగి సముద్రం పొంగింది. ఆనాడు పొడినేలగా ఉన్న మన ఖంభాత్ సింధుశాఖ కూడా అదే పొంగులో మునిగింది. కోస్కే గుహలో అధిక భాగాన్ని, దానితోపాటు ఎన్ని బొమ్మలనో సముద్రం మింగివేసింది. మిగిలిన వాటిలో కింది వరుసను నీరు ఇప్పటికీ నాకుతూనే ఉన్నది. చూడగోరేవారి కోసం 2022లో మార్సెయ్‌లో ఆ గుహకు నకలు కట్టి తెరిచారు. అసలు గుహకు పరిశోధకులు తప్ప ఎవరూ పోరాదు.

పగడానికి నకలు చేయడం తేలిక. బజారులో ఇప్పుడు గాజుతో, రంగు అద్దిన పదార్థాలతో చేసినవి కావలసినన్ని దొరుకుతాయి. అసలైనదానికి నేడు గడ్డుకాలం వచ్చింది. శతాబ్దాలపాటు జాలరులు శిలువ ఆకారపు దూలాలకు వలలు కట్టి సముద్రపు అడుగున ఈడ్చేవారు. ఒక కొమ్మ చేతికందితే పది కొమ్మలు విరిగి అడుగున పడేవి. 1950ల తర్వాత డైవర్లే సుత్తి పట్టుకొని గుహలలోకి దిగారు. వల చేరలేని కప్పులకు వారి చేతులు చేరాయి. కొందరు పగడంతో ధనవంతులయ్యారు, కొందరు లోతుకు బలి అయ్యారు. ఒడ్డుకు దగ్గరి గుహలు బోసిపోయాయి.

నష్టం గ్రహించి ప్రభుత్వాలు కట్టడి చేశాయి. ఐరోపా సమాజం ఈడుపు వలలను 1994లో నిషేధించింది. 2011, 2012 సంవత్సరాలలో మధ్యధరా దేశాల మత్స్యసంఘం, 50 మీటర్లకు తక్కువ లోతున పగడం తీయరాదనీ, మొదలు ఏడు మిల్లీమీటర్ల లావు లేని కొమ్మను ముట్టరాదనీ నియమం చేసింది. ఏడు మిల్లీమీటర్లంటే ఇంచుమించు పాతికేళ్ళ వయసు. 2012లోనే మార్సెయ్ కొండపాయలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

చేతులను కట్టడి చేయవచ్చు. వేడిని కట్టడి చేయడం సులభం కాదు. 1999 వేసవి చివర ఈ తీరంలో వెచ్చని నీరు వారాల తరబడి లోతుకు దిగింది. పగడాలు, స్పంజికలు, విసనకర్రల వంటి గోర్గోనియాలు గుంపులు గుంపులుగా చచ్చాయి. ఎర్రని కొమ్మ మీద చర్మం ఊడిపోయి ఎముక బయటపడింది. 2022లో మళ్ళీ అదే జరిగింది. గుహల నుంచి రాత్రివేళ మేతకు పోయే ఆ చిన్న రొయ్యలలో చల్లదనం కోరే ఒక జాతి 1990ల చివరి వేసవులకు తాళలేక అనేక గుహలలో కనుమరుగైంది. వేడి ఓర్చుకునే దాని దాయాది జాతి ఆ ఖాళీలో చేరింది.

చూడవచ్చినవారి వల్ల కూడా హాని లేకపోలేదు. డైవరు విడిచే ఊపిరి బుడగలై కప్పుకు చేరి, గాలి తిత్తులుగా నిలుస్తుంది. ఆ తిత్తిలో చిక్కిన పగడపు జీవి, మనకు ప్రాణమైన గాలిలోనే, ఒడ్డున పడిన చేపలా చచ్చిపోతుంది. అందుకే ఎరిగిన డైవరు గుహలో ఎక్కువసేపు ఉండడు. మూడోవంతు గాలి అయిపోగానే, ముందు ఎంత వింత కనబడుతున్నా, తాడు చుట్టుకుంటూ వెనుదిరుగుతాడు. నీలపు కిటికీ పెద్దదవుతుంది. అతని వెనుక దీపం తొలగగానే ఎర్రని కప్పు మళ్ళీ నల్లగా మారిపోతుంది.

వడోద్‌లో పొద్దు బారెడెక్కింది. ఇల్లాలు కొత్త తాడుకు పసుపు రాసి, ఒక్కొక్క పూసా గుచ్చుతున్నది. నల్లపూస, నల్లపూస, పుస్తె, పగడం. తండ్రి పని ముగించి వచ్చి గడపలో చెప్పులు విడుస్తున్నాడు. చొక్కా నిండా నూలు పీచు.

అమ్మాయి ఇంకా ఆఖరి పగడాన్ని ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకొని, ఆ గుప్పిటిని కొంగు కిందికి తీసుకుపోయి, తండ్రి ఫోనులోని దీపం వెలిగించి చూస్తున్నది. చీకటిలో వెలుగు పడగానే పూస నిప్పుకణికలా మెరిసింది.

"ఇటియ్యి బిడ్డా. లెక్క తక్కువైతది," అన్నది తల్లి.

అమ్మాయి ఇచ్చింది. తల్లి దానిని గుచ్చి, తాడు కొసలు రెండూ దగ్గరకు తెచ్చి, ఒకటికి మూడు ముళ్ళు వేసి, గట్టిగా ఉన్నదో లేదో లాగి చూసుకున్నది.